జాకెట్టులో విప్పడానికి కుట్లు మిగల్లా

మా వీధిలో జాకెట్లు దాదాపు అన్నీ నేనే కుడతా. నెల్లూరు వేదాయపాళెంలో పదహారేళ్ళుగా ఇదే పని, ముందు గదిలో మిషను, మెడలో టేపు, పక్కన టీ గ్లాసు. ఎవురి నడుమెంత, చెయ్యెంత, పోయిన సంక్రాంతికీ ఈ సంక్రాంతికీ ఎవురెంత మారారు అన్నీ నా నోటు పుస్తకంలో ఉంటాయి, బయటికి మాత్రం చెప్పను, చెప్తే రేపట్నుంచి గుడ్డ ఎవురిస్తారు. ఆ పుస్తకంలో లేని పేజీ ఒకటే, నాది. నాకు కుట్టుకోవాలంటే ఆది జాకెట్టు ఒకటుంది, మా పాప పుట్టాక కుట్టుకున్నది, దాన్ని ముందేసుకోని కత్తిరించుకోవడమే, మళ్ళా కొలుచుకునేదేముంది అనుకునేదాన్ని.

ఇది నేను ఇంట్లోనే ఒళ్ళు తగ్గించుకున్న సంగతి, ముందు కుట్టుపని తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. జాకెట్టు పక్కల్లో లోపల కొంచెం గుడ్డ వదిలిపెట్టి ఒకదాని పక్కన ఒకటి రెండు మూడు కుట్లు వేస్తాం, రేపు ఒళ్ళు చేస్తే ఒక కుట్టు విప్పుకుంటే సరిపోద్ది అని. నా ఆది జాకెట్టుకి అంచు కుట్టు కాక మూడు కుట్లుండేవి. ఒకటి పాప బడికి పోయే టైములో విప్పా, రెండోది కరోనాలో విప్పా (అప్పుడు ఊరంతా విప్పుకున్నారులెండి, ఆ ఏడాది పాత జాకెట్లు లూజు చెయ్యడమే నాకు పెద్ద పని). పోయినేడు ఆగస్టులో కావలిలో మా చిన్నమ్మ కూతురి పెళ్ళికి పోవాలని తీసి చూస్తే మూడో కుట్టు కూడా ఎప్పుడో విప్పేసుండా, ఎప్పుడు విప్పానో నాకే గుర్తులేదు, సూది బొక్కల వరస మాత్రం గుడ్డ మీద కనపడతా ఉంది. ఇంక విప్పడానికేం లేదు, అంచొచ్చేసింది.

ఆ రాత్రి అందరూ పండుకున్నాక బీరువా అద్దం ముందు నిలబడి టేపు నడుముకి చుట్టుకున్నా. టేపు దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోకుండా ఉండే ఆడమనిషిని నేనింతవరకు చూడలా, రోజూ "వదిలెయ్ అమ్మా, వదిలితేనే కొలత సరిగ్గా వస్తుంది" అని చెప్పేదాన్ని, ఆ రోజు ఎవురూ లేని గదిలో నేనూ బిగబట్టా. నవ్వొచ్చింది. వదిలేసి మళ్ళా చూస్తే 39 అంగుళాలు. మన దేశం ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళం దాటితేనే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క, మగవాళ్ళకైతే 90. పొద్దున్నే మెడికల్ షాపు ముందున్న మిషనెక్కితే 78.4 కేజీలు. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆ వారమే మూడు నెలల సుగర్ టెస్టు, హెచ్‌బీఏ1సీ అంటారే, అది కూడా చేయించుకున్నా, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగరుకి ముందు మెట్టు, 6.5 నుంచి షుగరే. మా అమ్మకి షుగరు, మా పెద్దమ్మకి షుగరు, కాబట్టి ఆ మెట్టు యాడికి పోతుందో నాకు తెలుసు.

మా అత్తమ్మ మాత్రం అస్సలు కంగారు పడలా. జూలైలో రొట్టెల పండగకి బారాషహీద్ దర్గాకి పోయి, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి నేను ఆరోగ్యం రొట్టె తీసుకున్నా. "రొట్టె తీసుకున్నావు గదా, నిదానంగా అదే తగ్గుద్ది" అనింది. నెల్లూరు కాని వాళ్ళకి చెప్తుండా, మొహర్రంకి జరిగే పండగ అది, కోరిక ఉన్నోళ్ళు ఆ కోరిక రొట్టె అడిగి తీసుకుంటారు, తీరినోళ్ళు మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకళ్ళకి ఇస్తారు, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె ఇట్టా. రొట్టె సంగతి చివర్లో చెప్తా.

మొదట నేను చేసిన తప్పు అందరూ చేసేదే, ఫోన్లో ముప్పై రోజుల్లో పది కేజీలు అనే వీడియో పెట్టుకోని ఎగరడం. 78 కేజీల మనిషి, మొజాయిక్ నేల, ఉత్త కాళ్ళు. మూడో రోజుకి కింద ఇంటి పిన్ని పైకొచ్చి "ఏందమ్మా, పైన రోలు దొర్లిస్తుండారా" అని అడిగింది, ఐదో రోజుకి కుడి మోకాలు ఉబ్బింది. పది రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేదాన్ని. ఎముకల డాక్టరు దగ్గరికి పోతే ఆయన వీడియో సంగతి విని నవ్వలా తిట్టలా, కుర్చీలో కూర్చోని చేతులు ఆనించకుండా పైకి లెయ్యమన్నాడు. లెయ్యలేకపోయా. నలభై రెండేళ్ళకి కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా లెయ్యలేకపోయా, మూడోసారికి గానీ రాలా. తొడ కండలో బలం లేకపోతే బరువంతా మోకాలు మీదే పడుతుంది, ముందు ఆ కండ తెచ్చుకో, ఎగరడం తర్వాత అన్నాడు. పదహారేళ్ళు కూర్చోని కుట్టిన తొడలు, వాటికి బలం యాడనుంచి వస్తుంది.

కాబట్టి నా మొదటి వర్కౌట్ కుర్చీలో కూర్చోవడం, లెయ్యడం. అంతే. వాపు తగ్గాక రోజు మార్చి రోజు ఆరుసార్లు చొప్పున మూడు విడతలు. దానికి తోడు పండుకోని కాలు మడవకుండా పైకెత్తడం, పండుకోని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, గోడకి చేతులానించి దండాలు. దండాలు, బస్కీలు అంటే మా నాయన వాళ్ళు చిన్నప్పుడు చేసినవే, వీడియోల్లో పుషప్సు స్క్వాట్సు అంటుండారు. గోడ దండాలు పదిహేను ఈజీగా వచ్చాక మంచం అంచు మీదికి దిగా, ఎంత కిందికి దిగితే అంత కష్టం, అదొక్కటే సూత్రం, డబ్బు ఖర్చు లేదు. ప్లాంక్ మొదటి రోజు 11 సెకన్లు, మా పాప ఫోన్లో టైమర్ పెట్టి "అమ్మా ఇంకా పదకొండే" అని ఎంత సంతోషంగా చెప్పిందో.

స్థలం సంగతి కూడా అడుగుతుంటారు. మా ఇంట్లో మిషనుకీ మంచానికీ మధ్య ఆరడుగులు నాలుగడుగులు, అంతే ఉంది, అందులో జంపఖానా మడిచి వేసుకుంటా. చాప మీద మాత్రం వద్దు, జారుద్ది, నేను జారి చెప్తుండా. టైము పొద్దున ఐదున్నర. నెల్లూరు ఎండల్లో ఏడు దాటాక ఒళ్ళు వంచాలంటే వంటింట్లో నిలబడినా చెమటే, ఏప్రిల్ మేలో అయితే కరెంటు పోయిందంటే ఇంక చెప్పేదేముంది.

బరువులకి నేను కొన్నవి ఏమీ లేవు. మా ఇంట్లో నెలకి ఐదు లీటర్ల నూనె డబ్బా ఒకటి, పిడి ఉండేది, అది ఖాళీ అయితే కడిగి నీళ్ళు పోసుకున్నా. లీటరు నీళ్ళంటే కేజీ, కాబట్టి రెండు లీటర్లతో మొదలు పెట్టి వారానికో అరలీటరు పెంచుకుంటా పోవచ్చు, కాటా కూడా అక్కర్లేదు. ఒక చెయ్యి మంచానికి ఆనించి వంగి రెండో చేత్తో ఆ డబ్బాని నడుము దాకా లాగడం, ఒక్కో చేతికి పది. ఇది నా మెడకీ భుజాలకీ చేసిన మేలు బరువు తగ్గడం కంటే పెద్దది, నిజం. మిషను మీద వంగి వంగి సాయంత్రానికి మెడ పట్టేసేది, జండూబామ్ లేకుండా నిద్ర పట్టేది కాదు, మూడు నెలలకి ఆ సీసా అట్నే ఉండిపోయింది.

ఆ డబ్బాని రోజూ ఎత్తుతుంటే ఒక రోజు లెక్క తట్టింది. ఇది నెలకి ఒకటి అయిపోతుంది గదా, ఇంట్లో నలుగురం. ఐదు లీటర్లు నలుగురికీ ముప్పై రోజులకీ పంచితే మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్ల పైన, అంటే నూనె రూపంలోనే 340 కేలరీల దాకా. నేను ఎత్తే బరువూ అదే, నన్ను ఎక్కిన బరువూ అదే. కారం దోసెకి చుట్టూ పోసేది, తాలింపుకి గరిటెతో వంచేది, వడియాలు, అప్పడాలు, సాయంత్రం బజ్జీలు. నేనేం నూనె మానెయ్యలా, గరిటె బదులు స్పూనుతో వెయ్యడం మొదలుపెట్టా, ఇప్పుడు నెలకి మూడు లీటర్లు. మనిషికి రోజుకి 25 మిల్లీలీటర్లు. కూర రుచి తగ్గిందని ఇంట్లో ఎవురూ అనలా, చెప్పకుండా చేశాలెండి, చెప్పుంటే అనేవాళ్ళు.

అన్నం సంగతి మాత్రం అంత తేలిగ్గా పోలా. మాది నెల్లూరు, మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకోని బతికే ఊరు, ఇక్కడ అన్నం తగ్గించుకో అని చెప్పడం అంటే తిట్టినట్టే. మగ్గం వర్కు పూసలు తూచే చిన్న కాటా ఉంటే ఒక మధ్యాహ్నం నేను మామూలుగా పెట్టుకునే అన్నం దాని మీద పెట్టి చూశా, 480 గ్రాములు. మా ఆయన చూసి "ఏంది, అన్నం కాటాలో పెట్టి అమ్ముతుండావా" అన్నాడు. వండిన అన్నం వంద గ్రాములకి 130 కేలరీలు, అంటే ఒక పూటకే 620 దాటిపోతుంది, ఇంకా కూర లెక్కలోకే రాలా, రాత్రికి మళ్ళా అంతే. నేను అరగంట గబగబా నడిస్తే కరిగేది 150 అటూ ఇటు. ఆ లెక్క చూశాక, నడిచి తినేద్దాం అనే ఆశ పోయింది.

అన్నం 220కి దించా, ఒకేసారి కాదు, రెండు నెలలు పట్టింది. ఖాళీ చోటు ఏదో ఒకదాంతో నింపాలి గదా, లేకపోతే నాలుగింటికి చెయ్యి మిక్చరు డబ్బాలోకి పోద్ది. మొదట కూర రెండింతలు పెట్టుకున్నా, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు. తర్వాత ప్రోటీను లెక్క చూశా. హైదరాబాద్ ఎన్ఐఎన్, అంటే జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం కేజీ బరువుకి 0.83 గ్రాములు, నాకు 60 గ్రాముల పైన రావాలి, నేను తినేది అందులో సగం కొంచెం పైన. రెండు ఇడ్లీలు చట్నీ తిని పన్నెండు దాకా కుట్టే మనిషికి యాడనుంచి వస్తుంది. ఇప్పుడు పొద్దున రెండు గుడ్లు (ఒక్కో దాంట్లో ఆరు గ్రాములు), మధ్యాహ్నం పప్పు ఒక గిన్నె గట్టిగా, సాయంత్రం ఉడికించిన శనగలో అలసందలో, రాత్రి పెరుగు. ఆదివారం చేపలు.

చేపల పులుసు మానెయ్యాలా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎందుకబ్బా మానెయ్యడం, చేపంత మంచిది ఇంకేముంది. మామిడికాయ ముక్కలేసి రాత్రి వండి పొద్దున తింటే దాని రుచి దానిదే. పులుసులో ముక్క తప్పు ఏమీ లేదు, ఆ పులుసు కోసం తినే మూడో విడత అన్నం, పైన తేలే నూనె, ఆ రెండూ చూసుకోవాలి. నేను ముక్కలు రెండు ఎక్కువ వేసుకుంటా, అన్నం కాటాలోదే. కొర్రమేను అయినా బొమ్మిడాయలు అయినా అంతే. మొదటి రెండు ఆదివారాలు ఏడుపొచ్చిన మాట నిజం.

టీ కూడా ఒకటుంది. రోజుకి నాలుగు గ్లాసులు, గ్లాసుకి రెండు స్పూన్లు చక్కెర, అంటే ఎనిమిది స్పూన్లు, 40 గ్రాములు, 160 కేలరీలు. ఇప్పుడు రెండు గ్లాసులు, అర స్పూను. తలనొప్పి నాలుగు రోజులుండి పోయింది.

ఇక మా పక్కింటామె కొర్రలకి మారింది, నాకంటే ముందే. కొర్రన్నం అంటే ఎంతైనా తినొచ్చు అనుకోని ప్లేటు నిండా పెట్టుకుంటుంది. గింజగా తూచితే కొర్రలకీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, పీచు ఎక్కువ కాబట్టి కడుపు తొందరగా నిండుతుంది, అంతవరకు మంచిదే. నిండిన తర్వాత కూడా తింటే కొర్రలు మాత్రం ఏం చేస్తాయి పాపం. పొద్దున్నే నిమ్మకాయ తేనె నీళ్ళు కూడా అంతే. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు మన పక్కవే, వాటి మీద కోపం లేదు, కానీ నిమ్మకాయ కొవ్వుని కోసేది లేదు, పెద్ద స్పూను తేనె మాత్రం 60 కేలరీలు కలుపుద్ది. దాహానికి తాగండి, ఉప్పేసుకోని, బాగుంటుంది.

ఇప్పుడు అసలు నేను ఈ పోస్టు రాయడానికి కారణం. మొదటి నెలలో మూడు కేజీలు తగ్గా, ఎంత సంబరమో, అందులో సగం నీళ్ళని తర్వాత తెలిసింది, అన్నం తగ్గిస్తే ఒంట్లో నిలవున్న పిండిపదార్థం తగ్గి దాంతో పాటు పట్టుకున్న నీళ్ళు కూడా పోతాయి. తర్వాత నిదానమైంది. నవంబరు మధ్య నుంచి డిసెంబరు ఆఖరు దాకా, ఆరు వారాల పైన, మిషను 74.2 దగ్గర నిలబడిపోయింది. ఒక వారం 74.9 కూడా చూపించింది, అది నెలసరి ముందు వారం, ఆ రోజుల్లో ఒంట్లో నీరు పట్టి కేజీ దాకా పెరగడం మామూలే, ఆడవాళ్ళెవురూ ఆ వారం మిషనెక్కకండి, ఎక్కితే పక్కనోళ్ళకి అన్నం దొరకదు. అన్నం తూస్తుండా, డబ్బాలు లేపుతుండా, ఐదున్నరకి లేస్తుండా, అయినా ముల్లు కదల్లా. వదిలేద్దాం అనుకున్నా. నిజంగానే రెండు రోజులు మానేశా, మలై కాజాలు తెప్పించుకోని తిన్నా, అవి మన నెల్లూరువి గదా అని ఊరి మీద అభిమానంతో ఇంకో రెండు తిన్నా.

మూడో రోజు ఒక కస్టమరు జాకెట్టు ట్రయల్ చూసుకుంటా అద్దంలో నన్ను చూసి "అక్కా, నీ జాకెట్టు వదులైందే, ఎవురు కుట్టారు" అనింది. ఎవురు కుట్టారా! ఆమె పోయాక టేపు పెట్టా. నడుము 36. డిసెంబరు మొదట్లో చూస్తే 37 ఉండింది, అంటే బరువు గ్రాము కదలని నెలలో అంగుళం పోయింది. కండ కొంచెం పెరిగి కొవ్వు కొంచెం తగ్గితే మిషనుకి తేడా తెలియదు, అది మొత్తం తూస్తుంది, ఏది యాడుందో దానికేం తెలుసు. మెడలో టేపేసుకోని తిరిగే మనిషిని, నెలరోజులు ఆ మెడికల్ షాపు మిషను మాట విని ఏడ్చా చూడండి.

అప్పట్నుంచి నా పుస్తకంలో నాకొక పేజీ పెట్టుకున్నా. నెలకి రెండుసార్లు, నెలసరి అయిన వారంలో ఒకసారి, పొద్దున్నే ఏమీ తినకముందు, ఊపిరి వదిలేసి, బొడ్డు దగ్గర, టేపు బిగించకుండా. నడుము, పిరుదులు, పై చెయ్యి, తొడ. తొడ తగ్గదు, నాకు తగ్గలా, గట్టిపడింది, అది మంచికే. బరువు నెలకొకసారి చాలు.

సంక్రాంతికి అరిసెలు, మణుగుబూలు, 1.3 కేజీలు పెరిగా, ఫిబ్రవరి మధ్యకి పోయాయి. దీని గురించి రాయడానికేం లేదు, పండగ పండగే.

ఇప్పటికి పది నెలలు. 68.9 కేజీలు, నడుము ముప్పై నాలుగున్నర. తొమ్మిదిన్నర కేజీలు, నెలకి కేజీ కూడా పూర్తిగా పడలా, వీడియోల వాళ్ళు వింటే నవ్వుతారు. కేజీ కొవ్వంటే 7700 కేలరీల లెక్క, నెలకి కేజీ అంటే రోజుకి 250 చిల్లర, అంటే నాకు ఆ తగ్గించిన నూనె, టీలో తగ్గించిన చక్కెర, అంతే. హెచ్‌బీఏ1సీ 5.7. గీత మీదుంది ఇంకా, డాక్టరు ఇట్నే పోనీ అన్నాడు. బస్కీలు ఐదు కేజీల డబ్బా గుండెలకి పట్టుకోని పదిహేను, మూడు విడతలు. నేల మీద దండాలు రెండు, మూడోది సగంలో పడిపోతుండా. మెట్లు గోడ పట్టుకోకుండా దిగుతుండా, మొన్న గ్యాసు బండ వస్తే మా ఆయన వచ్చేలోపల నేనే వంటింట్లోకి జరిపేశా, ఆయన చూసి ఏమీ అనలా, మళ్ళా బయటికి పోయి చెప్పులేసుకున్నాడు.

ఆది జాకెట్టు బయటికి తీసి మూడో వరస సూది బొక్కల మీదే మళ్ళా కుట్టేశా. అవే బొక్కలు, కొత్తగా గీత కూడా గీసుకోలా. రెండోది ఇంకా కావలసినంత దూరంలో ఉంది, కరోనా కుట్టు.

రొట్టెల పండగ ఈసారి ముందే వస్తుంది, జూన్ ఆఖర్లో. ఆరోగ్యం రొట్టె తీసుకున్నా కాబట్టి ఇప్పుడు ఇచ్చి రావాలి అని అత్తమ్మ అప్పుడే మొదలు పెట్టింది, ఆమె లెక్కలో ఇదంతా ఆ రొట్టె చేసిందే, డబ్బాలూ కాటా ఏమీ చెయ్యలా. నేనేమో 31న్నర రాలేదు గదా అత్తమ్మా, కోరిక తీరినట్టా తీరనట్టా అన్నా. మా ఆయన "ముక్కాలు రొట్టె ఇచ్చిరా" అన్నాడు. అత్తమ్మ ఇద్దర్నీ తిట్టి, దేవుడి దగ్గర టేపులేంది అనింది. సరే ఇస్తా, ఇచ్చి ఇంకోటి తీసుకుంటా, అదీ ఆరోగ్యానిదే. గోధుమ పిండి తెప్పించాం. నూనె వేసి కాల్చాలా, పొడిగా కాల్చాలా అనే దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా తేలలా.